మూతి తిప్పుకున్న మందు కొమ్ము గారికి

మహారాజశ్రీ మందు కొమ్ము గారి, అనగా తుపాకి మందు పోసి దాచుకునే ఎద్దు కొమ్ము గారి, దివ్యసముఖమునకు, పెన్సిల్వేనియాలోని ఒక చలి గ్యారేజీ నుంచి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరు బల్ల మీద చల్లగా, క్షేమంగా, కోలగా ఉన్నారు. నేను బొటనవేలికి బర్నాల్ రాసుకుని మిగతా వేళ్లతో ఈ మనవి టైపు చేసుకుంటున్నాను.

శనివారం రాత్రి మన మధ్య ఒక ఒప్పందం కుదిరిందనే నమ్మాను. తమరి వెడల్పాటి మూతిని మరిగే నీళ్లలో ముంచి, మెత్తబడేదాకా పక్కనే కాపలా కాసి, పైకి తీసిన మరుక్షణం కోసుగా చెక్కిన దిమ్మను లోపలికి దిగ్గొట్టాను. తమరు కిక్కురుమనకుండా సాగి గుండ్రంగా అయ్యారు. అన్ని వైపులా కొలిచాను. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను. నిన్న మధ్యాహ్నమంతా కూర్చుని సరిగ్గా ఆ కొలతకే పైన్ చెక్కతో మూత చెక్కాను. అంచు నున్నగా తీర్చాను. సాయంత్రం దిమ్మ లాగేసి, టీ తాగి వచ్చి మూత పెట్టబోతే ఏముంది! అటూ ఇటూ పట్టేస్తోంది, పైనా కిందా క్రెడిట్ కార్డు దూరేంత సందు. ఒక్క టీ తాగేలోపు తమరికి పుట్టింటి ఆకారం గుర్తొచ్చిందన్నమాట.

కారేది కందిపొడి అయితే తుడిచేసుకుని ఊరుకుందుము. తుపాకి మందండీ అది!

తమరి మిగతా లీలలన్నీ నేను మౌనంగా భరించాను. కొన వైపు గట్టి, మొదటి వైపు డొల్ల. ఆ డొల్ల ఎందాకా ఉందో తీగ దూర్చి కొలిచి, బయట గీత గీసుకుని, కొన నుంచి డ్రిల్లు దింపుతుంటే సరిగ్గా అక్కడే తమరు వంపు తిరిగారు. సరే అన్నాను. ఆకురాయితో రుద్దుతుంటే జుట్టు కాలిన వాసన. మాస్కు పెట్టుకున్నాను. తమరు ఎద్దుగారి ఎడమ కొమ్మో కుడి కొమ్మో అమ్మినవాళ్లు చెప్పలేదు. తీరా పట్టీ కట్టి తగిలించుకుంటే నడుముకు ఒదగాల్సిన వంపు పక్కవాడి డొక్కలోకి చూస్తోంది. పోనీలే, పక్కన ఎవరూ నిలబడరు అనుకున్నాను.

ఇంట్లో పడ్డ మాటలు వేరే. "ఏవండీ, పప్పు గిన్నెలోనా!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది. అప్పటి నుంచి మనిద్దరి కాపురం గ్యారేజీలోకి మారింది. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఒరేయ్ నాన్నా, మనవాళ్లు కనుమ నాడు ఎద్దు కొమ్ములకు రంగులు పూసి దండం పెడతారు. నువ్వేంట్రా, ఉడకబెడుతున్నావు?" అంది. నేనూ రంగేస్తానమ్మా, ముందు దీని మూతి తిన్నగా కానీ, అన్నాను.

ఇక కొమ్ము పని నేర్పే వీడియోల పెద్దమనుషుల సంగతి. గడ్డం దువ్వుకుంటూ "ఒక మధ్యాహ్నం పని" అంటారు. వాళ్ల చేతిలో కొమ్ము నీళ్లు చూడగానే గుండ్రమైపోతుంది. తీసిన వెంటనే దిమ్మ దించకపోతే చల్లారి మళ్లీ బిగుసుకుంటుందని చెప్పారు, నిజమే. గోడ ఒక పక్క దళసరిగా, ఒక పక్క పల్చగా ఉంటే పల్చటి వైపే సాగి, దళసరి వైపు మొండికేస్తుందని మాత్రం ఒక్కడూ చెప్పలేదు. నీళ్ల వేడి చాలకపోతే కాగే నూనెలో ముంచమని ఇంకొకాయన ఉచిత సలహా. నూనెలో క్షణం ఏమరితే మాడిపోతారట తమరు. అప్పుడు గ్యారేజీ కూడా ఉండదు నాకు.

అయినా తమరి వంశచరిత్ర నాకు తెలియదనుకున్నారా? లండన్‌లో కొమ్ము పనివాళ్ల సంఘానికి 1638లోనే రాజుగారి చార్టర్ వచ్చింది. తమరి పూర్వీకులను నిలువునా చీల్చి, వేడి చేసి, పలకలుగా నొక్కి లాంతర్లకు అద్దాల్లా బిగించారు. మసాచుసెట్స్‌లోని లెమిన్‌స్టర్ ఊరికి దువ్వెనల ఊరని పేరొచ్చిందే తమవాళ్ల పుణ్యమా అని. ఎవరికో తలలు దువ్వడానికి బల్లపరుపుగా పడుకున్నారు గదా! నేను అడిగింది చదును కూడా కాదు, కాస్త గుండ్రం.

1754 నుంచి 1763 దాకా ఈ అడవుల్లో ఇంగ్లిషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కొట్టుకున్న రోజుల్లో సైనికులు తమవాళ్లను భుజాన వేసుకు తిరిగారు. తడి దూరదు, నిప్పురవ్వ పుట్టదు, మోయడానికి తేలిక. ఖాళీ దొరికితే సూదిమొనతో పేరు, సంవత్సరం, నదులు, కోటలు గీసుకుని, గీతల్లో మసి రుద్దుకున్నారు, స్పెల్లింగు తప్పులతో సహా. జాన్ బుష్ అని మసాచుసెట్స్ నల్లజాతి సైనికుడు లేక్ జార్జ్ శిబిరంలో కొమ్ముల మీద చెక్కిన అక్షరాల సొగసు ఇప్పటికీ చూసేవాళ్లను కట్టిపడేస్తుంది. ఆయన 1757లో ఫ్రెంచివాళ్లకు పట్టుబడ్డాడు. యుద్ధం మధ్యలో, కరెంటు డ్రిల్లు లేకుండా, అలాంటివాళ్ల చేతిలో బుద్ధిగా కూర్చున్న జాతి తమది. నేను హీటరు పెట్టి, లైటు పెట్టి, పక్కన పాటలు కూడా పెడితే నా దగ్గర మూతి మూడు వంకరలు తిప్పుతారా?

అసలు నీకేం తక్కువ చేశాన్రా! నిన్న రాత్రి ఒక ఫ్రెండు "ఆ సందులో ఎపాక్సీ జిగురు కుక్కెయ్, ఎవడు చూస్తాడు" అన్నాడు. నీ కోసం వాడితో గొడవ పడ్డాను. చేత్తో, పాత పద్ధతిలో చేస్తానన్నాను. చిన్న చెక్క మేకులు చెక్కి పెట్టాను, తేనెమైనం కరిగించి పెట్టాను. పెళ్లిపందిరి అంతా సిద్ధం, నువ్వు మాత్రం పీటల మీద మొహం అటు తిప్పుకు కూర్చున్నావు. కుందేటి కొమ్మైనా దొరుకుతుందేమో గానీ, చెప్పిన మాట వినే ఎద్దు కొమ్ము దొరకదు. వారాంతమంతా మింగేశావు. ఎముక కూడా కాదు నువ్వు, గోరు లాంటి సరుకువి, నీకింత పొగరా?

చెత్తడబ్బాలో పడేద్దామనే లేచాను. పడేసే ముందు ఎందుకో ట్యూబ్‌లైటు కేసి పట్టి చూశాను. పల్చగా గీకిన చోట పచ్చగా వెలుగు దిగుతోంది. లోపల వేలు పెడితే వేలి నీడ బయటికి కనిపిస్తోంది. మందు ఎంత మిగిలిందో మూత తీయకుండానే తెలుస్తుందని చదివాను గానీ, నేను గీకిన కొమ్ములో నా వేలు నాకే కనిపిస్తుందనుకోలేదు. అందుకే ఇంకా బల్ల మీదున్నావు. లేకపోతే ఈపాటికి మునిసిపాలిటీ బండిలో ఉండేదానివి.

ఇక్కడ క్రిస్మస్ మర్నాడు ఫ్లింట్‌లాక్ తుపాకుల, అంటే చెకుముకి రాయితో పేలే పాతకాలపు తుపాకుల, వేట సీజన్ మొదలవుతుంది. నేను జింకను కొట్టను, కాగితం టార్గెట్‌ను కొడతాను, అదీ తగిలితే. ఆ రోజుకు నువ్వు నా భుజాన ఉండాలి. నీలోంచి ఒక్క పలుకు కూడా రాలకూడదు.

కాబట్టి విను. వచ్చే శనివారం మళ్లీ నీళ్లు మరుగుతాయి. ఈసారి దిమ్మ దిగాక ఒక వారం దాకా నిన్ను ముట్టను. అప్పటికీ కోలగానే ఉంటానంటే, నిన్ను కాగితం మీద బోర్లించి, చుట్టూ పెన్సిల్‌తో గీసుకుని, ఆ వంకరకు వంకరగానే మూత చెక్కుతాను. పాత కొమ్ముల్లో కోల మూతలున్నవి కూడా ఉన్నాయి, చూశాను. దాన్ని నా డిజైన్ అని చెప్పుకుంటాను. నువ్వు నోరెత్తకు.

ఇట్లు,
తమరి చేతిలో శృంగభంగం పొందిన
గ్యారేజీవాసి