బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కినంత మాత్రాన సర్టిఫికెట్ నిజమైపోదు

నాలుగు నెలలుగా ఒకే సందేశం నా ఫోనుకు పదిసార్లకు పైగా వచ్చింది. పంపినవారిలో నాతో చదువుకున్నవారూ, పిల్లలను అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో చేర్పించాలని చూస్తున్న బంధువులూ ఉన్నారు. దాని సారాంశం ఇది: బ్లాక్‌చెయిన్ సర్టిఫికెట్లు వచ్చాక నకిలీలకు కాలం చెల్లింది, వాటిని ఎవరూ మార్చలేరు, ఇచ్చిన సంస్థ మూతపడినా అవి చెల్లుతాయి, విదేశీ కంపెనీలు చూడగానే ఒప్పుకుంటాయి, కాబట్టి ఫీజు కొంత ఎక్కువైనా అలాంటి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులోనే చేరండి. ఉద్యోగంలో చేరబోయేవారి సర్టిఫికెట్లను సరిచూడడం నా వృత్తి. ఆ సందేశంలో ఫీజు గురించిన చివరి మాట లేకపోతే నేను ఊరుకునేదాన్ని.

బ్లాక్‌చెయిన్ అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి ఖాతాపుస్తకం; అందులో నమోదులు (వీటినే లావాదేవీలంటారు) ఒకదానికొకటి గొలుసులా ముడిపడి ఉంటాయి. ముందుగా విదేశీ కంపెనీల మాట తేలిగ్గా తేల్చవచ్చు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 2017లో 111 మంది పట్టభద్రులకు బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్ ఆధారంగా డిజిటల్ పట్టాలు ఇచ్చింది. ఐఐటీ కాన్పూర్ 2021 డిసెంబరు స్నాతకోత్సవంలో ఇదే తరహా డిగ్రీలను ప్రారంభించింది. ఆ పట్టాల విలువ ఆ సంస్థల చదువు వల్ల వచ్చింది. మూడు నెలల కోర్సుకు అదే సాంకేతికతను తగిలిస్తే ఆ విలువ దానికి అంటుకోదు.

ఎవరూ మార్చలేరన్నది నిజమే. కానీ సాధారణంగా ఆ గొలుసులోకి ఎక్కేది సర్టిఫికెట్ కాదు, దాని నుంచి లెక్కగట్టిన హాష్ అనే వేలిముద్ర మాత్రమే. పత్రంలో ఒక్క అక్షరం మారినా ఆ వేలిముద్ర కలవదు. ఇంతవరకు మేలే, కానీ ఈ మేలు డిజిటల్ సంతకంతోనూ దక్కుతుంది. మన దేశంలో దానికి 2000 నాటి ఐటీ చట్టమే గుర్తింపునిచ్చింది; 2015లో మొదలైన డిజిలాకర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల భాండాగారంలో సంస్థలు జారీ చేసే పత్రాలు అసలు పత్రాలతో సమానమని నిబంధనలే చెబుతున్నాయి, దానికి విద్యార్థి కట్టాల్సింది ఏమీ లేదు. పైగా ఒక బ్యాచ్‌లోని వందల సర్టిఫికెట్ల వేలిముద్రలను ఒకే లావాదేవీలో కట్టగట్టి ఎక్కించవచ్చు కనుక, ఒక్కో విద్యార్థి మీద పడే ఖర్చు స్వల్పం. మరి ఆ అదనపు ఫీజు దేనికి?

నకిలీలకు కాలం చెల్లిందన్న మాటే అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే దానిని నమ్మినవారు అసలు చేయవలసిన తనిఖీ మానేస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లోని మానవ్ భారతి విశ్వవిద్యాలయంపై 2020లో నమోదైన కేసుల్లో ఆరోపణ ఏమిటంటే, ఆ విశ్వవిద్యాలయం పేరుతోనే వేల సంఖ్యలో డిగ్రీలు అమ్ముడయ్యాయని. అక్కడ బయటివాడు సంతకం ఫోర్జరీ చేశాడన్నది ఆరోపణ కాదు. జారీ చేసే చెయ్యే అబద్ధం రాస్తే, బ్లాక్‌చెయిన్ ఆ అబద్ధాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా భద్రపరుస్తుంది. అది పత్రం మారలేదని చెప్పగలదు గాని, ఆ అమ్మాయి తరగతికి వచ్చిందని, పరీక్ష రాసిందని, పని నేర్చుకుందని చెప్పలేదు.

ఈ మధ్య నా దగ్గరకు వచ్చిన ఒక సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే శిక్షణ సంస్థ లోగోతో ఒక పేజీ తెరుచుకుంది. ఆకుపచ్చ టిక్కు, దాని పక్కన “బ్లాక్‌చెయిన్‌లో ధ్రువీకరించబడినది” అన్న వాక్యం, కింద పొడవైన లావాదేవీ సంఖ్య ఉన్నాయి. ఆ సంఖ్యను విడిగా వెతికితే లావాదేవీ నిజంగానే ఉంది. కాకపోతే అది ఎవరో ఎవరికో డబ్బు పంపిన లావాదేవీ. అప్పుడు వెబ్ చిరునామాను మళ్లీ చదివాను, సంస్థ పేరులో ఒక అక్షరం ఎక్కువగా ఉంది. సంస్థకు ఫోన్ చేస్తే ఆ పేరుతో విద్యార్థే లేడన్నారు. పట్టించింది ఆ ఫోను. ఆకుపచ్చ టిక్కు కనిపిస్తే ఫోను అక్కర్లేదని పదిమందికి నేర్పుతున్న ఈ సందేశాన్ని ఇంకెన్నిసార్లు ఫార్వర్డ్ చేస్తారు?

సంస్థ మూతపడినా చెల్లుతుందన్నది మరో సగం నిజం. ఇలాంటి సర్టిఫికెట్ల జారీకి, తనిఖీకి ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చిన బ్లాక్‌సర్ట్స్ ప్రమాణాన్నే చూడండి. పత్రం ఇచ్చింది ఎవరో నిర్ధారించే వివరాలు, రద్దయిన సర్టిఫికెట్ల జాబితా సాధారణంగా ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉంటాయి. సంస్థ మూతపడి, దాని వెబ్ చిరునామా గడువు తీరిపోతే, వేలిముద్ర మిగులుతుంది, అది ఎవరి వేలిదో చెప్పేవారు మిగలరు. పేర్ల సంగతీ ఇంతే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనుక, ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా ఉండే మనవాళ్లకు సవరణ తప్పదు. పాతదానిని రద్దు చేసి కొత్తది ఇవ్వడానికి మళ్లీ ఆ సంస్థే కావాలి.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంటాను, ఇది ఆ సందేశం రాసినవారికే తట్టలేదు. బహిరంగ బ్లాక్‌చెయిన్‌లో వేలిముద్ర ఎప్పుడు చేరిందో ఆ తేదీని ఎవరూ వెనక్కి జరపలేరు. ఈరోజు డబ్బు తీసుకుని ఎనిమిదేళ్ల కిందటి తేదీతో పట్టా అచ్చువేసి ఇవ్వడం మా వృత్తిలో మేము తరచూ అనుమానించే మోసం. దానిని ఈ పద్ధతి నిజంగా అడ్డుకోగలదు, కాగితం మీది సంతకం అడ్డుకోలేదు. అయితే ఆ మేలు జరగాలంటే సంస్థ ఏటా ఇచ్చిన పట్టాలన్నిటినీ ఆ ఏడాదే ఎక్కించాలి, మొత్తం ఎన్ని ఇచ్చిందో బయటపెట్టాలి. నాకు వచ్చిన సందేశంలో దాని ఊసే లేదు. చివర ఫీజు కట్టడానికి ఒక లింకు మాత్రం ఉంది.