అప్పన్న కొండ చుట్టూ నడిచే పాదాల గోడు

సింహాచలం గిరి ప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్లు, చాలామంది ఉత్త కాళ్లతోనే నడుస్తారు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. బాధ అక్కడే మొదలు. పగిలిన చిప్పల ముక్కలు కాళ్ల కిందే! పెంకు అంచు మడమలో దిగితే హనుమంతవాక చేరేలోపే కుంటాలి.

దారి పొడవునా మజ్జిగ, పులిహోర పెట్టేవాళ్లది పుణ్యమే, చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ చెత్తకి సంచి పెట్టరేం? గ్లాసులన్నీ రోడ్డు మీదే. ఒలికిన మజ్జిగలో, వాననీళ్లలో అరికాలు నానిపోతుంది. నానిన చర్మం తారురోడ్డు రాపిడికి బొబ్బలెక్కుతుంది. మాధవధార వచ్చేసరికి అవి చితికి అడుగు పడదు. పందిరి దగ్గర ఒక గోనెసంచి, యాభై అడుగుల అవతల రెండు కట్టండి చాలు. జనం తాగుతూ నడుస్తారు, గ్లాసు ఖాళీ అయ్యేది అక్కడే.

ఇక ఆ సౌండు బాక్సులు! జోడుగుళ్లపాలెంలో సముద్రం పక్కన గోవిందనామం చెప్పుకుంటూ పోయే ముసలమ్మకి తన గొంతు తనకే వినిపించకుండా చేస్తే అది భక్తి ఎలా అవుతుందండీ?