వారపత్రిక వదిలిన ఖాళీలో రచయిత ఫేస్‌బుక్ గోడ

మద్రాసులో ఉండి తెలుగులో రాసినవారికి ఒకప్పుడు పాఠకుణ్ణి వెతుక్కునే పని ఉండేది కాదు. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలైంది ఈ ఊళ్లోనే. 1924లో భారతి, 1938లో ఆంధ్రప్రభ, 1947లో చందమామ ఇక్కడే పుట్టాయి. కథ అచ్చయిందంటే దాన్ని నెల్లూరు బస్టాండు దుకాణం దాకా, పల్లెటూరి గ్రంథాలయం దాకా చేర్చే భారం పత్రికదే. కాలక్రమంలో ఆ పత్రికల్లో కొన్ని విజయవాడకూ హైదరాబాదుకూ తరలిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. 2020లో కరోనా దెబ్బకు మిగిలిన తెలుగు వారపత్రికల్లోనూ కొన్ని అచ్చు ఆపేశాయి. ఇవాళ చెన్నైలో ఉంటున్న తెలుగు రచయిత సొంత ఖర్చుతో అయిదు వందల ప్రతులు వేసుకుంటే, వాటిని అమ్మిపెట్టే తెలుగు పుస్తకాల దుకాణాన్ని నగరంలో గాలించవలసి వస్తోంది. అటువంటి రచయితకు సోషల్ మీడియా తప్పనిసరి అవసరమేనన్న విషయంలో నాకు సందేహం లేదు. దాన్ని మనవాళ్లు వాడుతున్న తీరు మీదే అభ్యంతరం.

ఆ తీరు అందరికీ తెలిసిందే. పుస్తకం రాగానే ముఖచిత్రం, ఆపైన ఆవిష్కరణ సభ, శాలువాలు, వేదిక మీద వరసగా నిలబడి పుస్తకాన్ని గుండెల దగ్గర పట్టుకున్న ఫొటోలు, వాటికి యాభైమంది మిత్రుల ట్యాగులు. వారం పది రోజుల హడావిడి తర్వాత మళ్లీ పుస్తకం వచ్చేదాకా ఆ గోడ మీద పండుగ శుభాకాంక్షలు తప్ప ఏమీ కనిపించవు. ఆ ఫొటోల కింది వ్యాఖ్యలను ఓపికగా చదివితే అసలు సంగతి బోధపడుతుంది. ‘హృదయపూర్వక అభినందనలు సార్’, ‘శుభాకాంక్షలు మేడమ్’, దండం పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరి ఉంటాయి. వాటి నడుమ ఎవరో ‘ఎక్కడ దొరుకుతుంది, ఎలా పంపుతారు?’ అని అడిగి ఉంటారు. అభినందించిన వారందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పిన రచయిత ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఇవ్వడం మరిచిపోతాడు. పుస్తకం కొనదలచినవాడు ఆ ఒక్కడే.

వారపత్రిక పాఠకుడికి ఒక రోజును అలవాటు చేసింది. ఫలానా వారం సంచిక వస్తుందని, అందులో సీరియల్ ‘సశేషం’ అన్న చోటు నుంచి ముందుకు సాగుతుందని అతనికి తెలుసు. అందులో ఒకే రచయిత ఉండడు. ఇతరుల కథలు, పుస్తక సమీక్షలు, పాఠకుల ఉత్తరాలు ఉంటాయి. రచయిత గోడ ఈ పనినే తలకెత్తుకోవాలని నా అభిప్రాయం. వారానికి ఒక రోజు ఎంచుకుని, ఆ రోజున రాస్తున్న నవలలోంచి ఒక పేజీయో, చదివిన వేరొకరి కథ మీద నాలుగు పేరాలో, కథకు ఆధారమైన ఊరి ముచ్చటో పెట్టగలిగితే చాలు. తన పుస్తకం గురించి ఒకసారి చెప్పినవాడు ఇతరుల పుస్తకాల గురించి మూడుసార్లు చెప్పాలి. మన సాహిత్య లోకంలో వర్గాల గొడవ ఉన్నందువల్ల ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం.

ఇందులో ఆదర్శం ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. స్నేహితుల మధ్య సంభాషణ రేపే పోస్టులకు పెద్దపీట వేస్తామని ఫేస్‌బుక్ 2018 జనవరిలోనే ప్రకటించింది. అభినందనల వరసను సంభాషణ అనలేము. పాఠకుడు అడిగితే రచయిత చెప్పడం, దాని మీద మరొకరు విభేదించడం సంభాషణ. పైగా ఫేస్‌బుక్ వ్యక్తిగత ఖాతాలో స్నేహితుల పరిమితి అయిదు వేలు. అందులో సగం మంది తోటి రచయితలే అయితే, కవులు కవులకే కవిత్వం వినిపించే సభను మనం ఫోనులోకి మార్చుకున్నామని అర్థం.

ఇక సాంకేతికమైన చిక్కు ఒకటి, తెలుగువారికి ప్రత్యేకమైనది, తగినంత చర్చకు రానిది. మన పుస్తకాల్లో చాలా భాగం ఇప్పటికీ డీటీపీ కేంద్రాల్లో, సొంత సంకేతాలతో నడిచే అను ఫాంట్లలోనే తయారవుతుంది. ఆ ఫైలులోంచి ఒక పేరా తీసి ఫేస్‌బుక్‌లో అతికిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. అందుకని రచయితలు అచ్చు పేజీని ఫొటో తీసి పెడతారు. ఆ బొమ్మలోని అక్షరాలు మామూలు వెతుకులాటకు అందవు, ఎవరూ అందులోంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి మిత్రులకు పంపలేరు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లకూ అది సరిగా అందదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది; ఆ సంకేత పద్ధతిలో టైపు చేసిన తెలుగు ఎక్కడ అతికించినా తెలుగుగానే ఉంటుంది. డీటీపీ చేసేవారికి డబ్బు ముట్టజెప్పేటప్పుడే యూనికోడ్ ప్రతి కూడా అడిగి తీసుకోవడం, రచయిత ఆన్‌లైన్ ఉనికికి ఏ ప్రకటన కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఎక్స్ (ఒకప్పటి ట్విటర్) సంగతి క్లుప్తంగా ముగించవచ్చు. దాని ఉచిత ఖాతాలో పోస్టుకు 280 క్యారెక్టర్ల హద్దు ఉంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే అక్కడ ఆరుగా లెక్కకు వస్తుంది. వాట్సాప్ గ్రూపు 1024 మందికి పరిమితం, అందులోనూ మన పుస్తకాల పీడీఎఫ్‌లే ఉచితంగా తిరుగుతుంటాయి. 2023 సెప్టెంబరులో మనకు వచ్చిన వాట్సాప్ చానెల్ నయం, రచయిత చెప్పదలచినది గుడ్ మార్నింగ్ సందేశాల కింద కూరుకుపోదు. పుస్తకం ధరతో పాటు పంపే ఖర్చును కూడా కలిపి ఒకే అంకెగా అక్కడ ప్రకటించాలి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేసింది; పంపే ఖర్చు ఎంతో డబ్బు పంపాక తెలిస్తే కొనేవాడు చిన్నబుచ్చుకుంటాడు.

చెన్నైవాసులకు వీటన్నిటికంటే ముఖ్యమైన సమస్య వేరే ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన చట్టం ప్రకారం బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అది ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతికి చేరింది. ఇంగ్లీషు మీడియం మోజు అంతకుముందు నుంచే ఉంది. ఫలితంగా ఇంట్లో అమ్మమ్మతో చక్కటి తెలుగు మాట్లాడుతూ, ‘అ’కూ ‘ఆ’కూ తేడా పోల్చుకోలేని యువతరం టీ నగర్‌లోనూ పెరంబూరులోనూ తయారైంది. వీరికోసం ఎంత మంచి పోస్టు రాసినా వృథాయే. అదే కథను రచయిత తన గొంతుతో చదివి యూట్యూబులో పెడితే, పది నిమిషాల్లో ఆగి మిగతాది వచ్చే వారం అంటే, మెట్రోలో వెళ్తూ వింటారు. స్టూడియో అక్కర్లేదు, తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఫోను దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. ఉత్తరాంధ్ర యాస రాసినవాడు ఆ యాసలోనే చదవాలి. టీవీ యాంకరు ఉచ్చారణను అరువు తెచ్చుకుంటే కథలోని మనుషులు పరాయివాళ్లవుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన దగ్గర ప్రచురణ ఒప్పందాలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తాయి. కాగితం మీద రాసుకున్నప్పుడు మాత్రం ‘సర్వహక్కులూ ప్రచురణకర్తవే’ అనే వాక్యం కింద ఆలోచించకుండా సంతకం పెట్టేస్తాం. ఆ వాక్యం అలాగే ఉంటే, తను రాసిన కథను తన చానెల్లో తనే చదవడానికి కూడా రచయిత మరొకరి అనుమతి కోరవలసి రావచ్చు. అందువల్ల అచ్చు హక్కు ఎన్నేళ్లకు ఇస్తున్నదీ స్పష్టంగా రాయించి, ఆడియో హక్కు తన దగ్గరే ఉంటుందన్న మాటను సంతకానికి ముందే అందులో చేర్పించుకోవాలి.