మన నలుగు పిండిని మనకే అమ్ముతున్నారు

మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చిన మా ఆడపడుచు కూతురు బ్యాగులోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. వంద గ్రాములు, నాలుగు వందల యాభై రూపాయలు. మూత మీద ఆకు బొమ్మ. వెనక్కి తిప్పి చదివితే శనగపిండి, పెసరపిండి, పసుపు, నారింజ తొక్క, గులాబీ రేకులు. దానికి జతగా ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అరచేతంత బీరపీచు, అది రెండు వందల ఇరవై. "అత్తా, ఇది పర్యావరణానికి మంచిదట, చర్మం మీది మృతకణాలన్నీ పోతాయట" అంది. మేము కూర్చున్న పందిరి మీద అప్పుడు పదో పన్నెండో బీరకాయలు వేలాడుతున్నాయి.

పిల్ల మీద నాకు కోపం లేదు. ఆ వయసు వాళ్ళకు నలుగు అంటే పెళ్ళి ఫోటోల్లో చెంపలకు రాసే పసుపు ముద్ద అనే తెలుసు. అంతకు మించి తెలియకుండా చేసింది మన తరమే. టీవీలో ప్రకటనలు చూసి సున్నిపిండి డబ్బాను అటక ఎక్కించాం. అదే పిండికి ఇప్పుడు ఆకు బొమ్మ అంటించి, ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఎన్నో రెట్ల ధరకు మనకే అమ్ముతుంటే కళ్ళకద్దుకుని కొంటున్నాం. నా కోపమంతా దీని మీదే.

మా ఊరు నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర, మూసీ కాలువ కింద. బోరు నీళ్ళు పట్టిన బకెట్ నెల తిరగకుండా తెల్లగా పొర కడుతుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టుగా మారతాయి. నురగ రాదు, ఎంత కడిగినా ఒంటి మీద ఏదో పూసినట్టే ఉంటుంది. ఆరితే చర్మం బిగుసుకుపోయి, గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది. అప్పుడు సబ్బు చాలలేదని స్క్రబ్ కొంటాం. పెసరపిండికి ఈ తంటా లేదు. నీళ్ళు ఎలాంటివైనా అది నూనెను, మురికిని పట్టుకుని రాలిపోతుంది. కుంకుడు రసం ఉప్పు నీళ్ళలోనూ నురగ ఇస్తుంది. ఈ నీళ్ళతో తరతరాలు బతికినవాళ్ళు వాడిన వస్తువులు ఇవి.

మా నాయనమ్మ దీపావళి తెల్లవారుజామున నలుగు పెట్టేది. ముందు గోరువెచ్చని నువ్వుల నూనె పట్టించి అరగంట వదిలేసేది. తర్వాత పిండిని తడిపీ తడపనట్టు కలిపి, మోచేతి నుంచి మణికట్టు దాకా అరచేతితో నిదానంగా నలిచేది. పిండి ఆరుతున్నకొద్దీ సన్నటి నల్లటి వత్తుల్లా చుట్టుకుని పీట చుట్టూ రాలేది. మట్టి, జిడ్డు, చచ్చిన చర్మం అన్నీ ఆ వత్తుల్లోనే. ఇంకా రాలాలని నేను గట్టిగా రుద్దుకోబోతే చేయి పట్టుకునేది. "బిడ్డా, నీ ఒళ్ళు అడుగంటిన గిన్నె కాదు."

ఆమె మాటలో ఎంత నిజం ఉందో చాలా ఏళ్ళకు తెలిసింది. మన చర్మం పైపొర సుమారు నెల రోజుల్లో తనంతట తానే రాలి, కింది నుంచి కొత్తది వస్తూ ఉంటుంది. ఊడటానికి సిద్ధంగా ఉన్నదాన్ని మెల్లగా తీస్తే చాలు. వారానికి ఒకసారి, అంతే. రోజూ రుద్దితే కాపలా కాసే పొరే పోయి మంట, దురద, నల్లమచ్చలు మొదలవుతాయి. చీము పట్టిన మొటిమల మీద, పుండ్ల మీద, తామర ఉన్నచోట అసలు చేయి పెట్టకూడదు. పసిపిల్లల ఒంటి మీది నూగు పోవాలని పిండితో రుద్ది ఏడిపించే అలవాటు మాత్రం వెంటనే మానాలి. అది మన పాత అలవాటే అయినా నేను సమర్థించను.

అలాగే, వంటింట్లో దొరికిందల్లా ముఖానికి మంచిదని చెప్పే వీడియోలను నమ్మకండి. నకిరేకల్ నిమ్మకాయలకు పేరున్న ఊరు, మా ఇంట్లో వాటికి కొదువ లేదు. నిమ్మచెక్క మీద చక్కెర అద్ది రుద్దుకుంటే ముఖం తేటపడుతుందని ఒక వీడియోలో చూసి నేనూ చేశాను. చేసి పత్తి చేనుకు వెళ్ళాను. సాయంత్రానికి చెంపలు కమిలిపోయాయి. ఆ మచ్చలు పోవడానికి మూడు నెలలు పట్టింది. నిమ్మరసం, నిమ్మతొక్క నూనె ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలుతుందని ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పింది. చక్కెర పలుకులు, ఉప్పు, దంచిన అక్రోటు పెంకులు కూడా ముఖానికి మరీ గరుకు. వంటసోడా మాట ఎత్తవద్దు.

ఇక నీళ్ళ సంగతి. కొన్ని స్క్రబ్బుల్లో గరుకుదనం కోసం సన్నటి ప్లాస్టిక్ పూసలు వేసేవారు. కడిగేస్తే అవి మోరీలోకి పోతాయి, శుద్ధి కేంద్రాల్లోనూ అన్నీ ఆగవు. అందుకే అమెరికా 2015లో చట్టం చేసింది, బ్రిటన్ 2018లో నిషేధించింది, ఐరోపా సమాఖ్య 2023లో ఆంక్షలు తెచ్చింది. పాలిఇథిలీన్, పాలిప్రొపైలీన్, నైలాన్ అన్న మాటలు పదార్థాల జాబితాలో కనిపిస్తే ఆ ట్యూబు కొనకండి. హైదరాబాద్ స్నానాల గదుల్లో కడిగినదంతా ఎక్కడికి పోతుందో మా జిల్లావాళ్ళను అడగండి. మూసీ అనంతగిరిలో పుట్టి, నగరం మురుగంతా మోసుకుని, మా పొలాల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాలువ తూము దగ్గర మోకాలెత్తు తేలే ఆ నురగలోనే మేము నాట్లు వేస్తాం. కూలికి వచ్చిన ఆడవాళ్ళ పిక్కల మీద దద్దుర్లు లేస్తాయి. నగరంలో ఒకరి చర్మం నునుపెక్కడానికి ఇక్కడ ఇంకొకరి చర్మం ఎందుకు పాడవ్వాలి?

నేను వాడేది చెబుతాను. కిలో పెసలు, పావుకిలో శనగపప్పు, గుప్పెడు బియ్యం, నాలుగు పసుపు కొమ్ములు. మా నల్లగొండ బత్తాయి తొక్కలు నీడలో ఎండబెట్టి కొద్దిగా కలుపుతాను, దాన్ని ఒంటికే వాడతాను, అదీ ఎండలోకి వెళ్ళని పూట. గిర్నీలో కాస్త బరకగా పట్టిస్తాను, ముఖానికి వాడేది సన్న జల్లెడలో మళ్ళీ జల్లిస్తాను. ఇంట్లో నలుగురికి నెలల తరబడి వస్తుంది. చిన్న హెచ్చరిక: కొత్తగా వాడేవారు ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి.

బీరపీచు కూడా అంతే. వాడాక పిండి, ఎండలో వేలాడదీయాలి. తడి స్నానాల గదిలో వదిలితే బూజు పడుతుంది. మెత్తబడి నల్లబడితే పేడకుప్పలో వేయండి, మట్టిలో కలిసిపోతుంది.

మా ఆడపడుచు కూతురు వెళ్ళేటప్పుడు సీసాడు పిండి కట్టి ఇచ్చాను. ఈసారి పందిరి మీద ఆరు కాయలు కోయకుండా తీగకే వదిలేశాను. రెండు అప్పుడే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమంటున్నాయి. పీచు కావాలన్నా, విత్తనాలు కావాలన్నా మా ఊరి వైపు వచ్చినప్పుడు అడగండి, ఊరికే ఇస్తాను.