సవరణ: లేబర్ పార్టీ మారింది గెలిచాక కాదు, గెలవకముందే

ఓడిన పార్టీ ఓటర్లతో మాట తీరు ఎలా మార్చుకోవాలో చెబుతూ, బ్రిటన్ లేబర్ పార్టీ 1997లో గెలిచాక తన నియమావళిలోని 4వ క్లాజ్ మార్చుకుందని మొన్న రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. అప్పటి పత్రికల వార్తలు చూస్తే, మార్చింది 1995 ఏప్రిల్‌లో, ప్రతిపక్షంలో ఉండగానే.

ఇది ఉత్త తేదీ తేడా కాదు. ఫ్యాక్టరీలు, గనుల వంటి ఉత్పత్తి సాధనాలు ఉమ్మడి సొత్తు కావాలన్న, ఆ క్లాజ్‌లోని 1918 నాటి మాట పార్టీ సభ్యత్వ కార్డు మీదే అచ్చయ్యేది. వరసగా 4 ఎన్నికలు ఓడిన పార్టీ, ఆ మాట వదులుకోవడానికి ముందు సొంతవాళ్లను ఒప్పించింది. తర్వాతే ఓటరు చేతిలో 5 హామీల చిన్న కార్డు పెట్టింది. 5, 6, 7 ఏళ్ల పిల్లల తరగతుల్లో 30 మందికి మించి ఉండకూడదన్నది అందులో ఒకటి.