మా అక్క పునర్వివాహం గురించి

విడాకులు పొందిన స్త్రీ పిల్లల కోసమైనా ఒంటరిగానే ఉండిపోవడం మేలని రాసిన ఒక వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. మా అక్క విడాకులు తీసుకుని కడపలోని పుట్టింటికి వచ్చిన కొత్తలో, ఎదురింటి సీమంతానికి మా అమ్మకు బొట్టు పెట్టి పిలిచినవారు, పక్కనే నిలబడి ఉన్న అక్క వైపు కుంకుమ భరిణెనైనా చాపలేదు. అప్పటి ఆమె ముఖం నాకింకా కళ్ళకు కట్టినట్లే ఉంది.

1955 నాటి హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు)పై అప్పీలు దాఖలు కాకుండా గడువు ముగిస్తే ఇద్దరూ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. ఏడాది ఆగాలన్న పాత షరతును కూడా 1976లోనే తొలగించారు. చట్టం ఎప్పుడో వదిలేసిన అడ్డంకిని మా బంధువులు ఇంకా పట్టుకుని ఉండడం నన్నెంతో బాధించింది.

ఐదేళ్ళ తరువాత అక్కతో పాటు పనిచేసే ఉపాధ్యాయుడొకరు పెళ్ళి ప్రస్తావన తెచ్చినప్పుడు, ఆమె ముందుగా తన తొమ్మిదేళ్ళ కూతురి మనసు తెలుసుకోవాలనుకుంది. చిన్నపిల్లను అడగడమేమిటని నాన్న కోప్పడ్డారు గానీ, అదే సరైన పని అని నేను నేటికీ నమ్ముతున్నాను. ఆ ఉపాధ్యాయుడు ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం వచ్చి పాపకు లెక్కలు చెప్పారే తప్ప, పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. నిరుడు దేవుని కడప గుడిలో పెళ్ళి జరిగినప్పుడు తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నిలబడింది ఆ పాపే.