చుట్టాలకి ఎవరు నేర్పుతారు?
కుక్క మీదికి ఎగిరితే పట్టించుకోకుండా అటు తిరిగి నిలబడితే చాలు, అదే మానేస్తుందని కుక్కల అలవాట్ల మీద ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఇంట్లోవాళ్ల వరకు నిజమే, మరి చుట్టాల సంగతో? మాది విజయనగరం. సిరిమాను పండక్కి ఇల్లంతా జనమే. నెల రోజులు కష్టపడి మాన్పించిన అలవాటుని మా చిన్న మావయ్య గుమ్మంలోనే "రారా సింహం" అని చేతులు చాచి ఒక్క పూటలో పాడుచేశాడు. అత్త పట్టుచీర మీద బురద కాళ్ల ముద్రలు, ఆ గోల వేరే. పదిసార్లలో ఒక్కసారి ముద్దు దొరికినా కుక్క ఆశ వదలదు. అందుకే ఇప్పుడు ఎవరైనా వస్తే వరండా స్తంభానికి కట్టేసి, నాలుగు కాళ్లూ నేలమీద ఉన్నప్పుడే ఉడికించిన గుడ్డు ముక్క పెడుతున్నాం. మొదటి వారం ఇంకా ఎక్కువే ఎగిరింది. ఇప్పుడు గేటు చప్పుడైతే తనే వెళ్లి స్తంభం దగ్గర కూర్చుంటోంది, తోక మాత్రం ఆగదు.